పండుగ తాడు

తాడుకు అటు కొస ముత్తక్క పట్టుకుంది. ఇటు కొస కోడలు వనజ చేతికి వచ్చింది. రావడానికి పెద్ద కారణమేమీ లేదు. తక్కిన ఆడవాళ్ళంతా పాటలో ఉన్నారు, వనజకు ఆ పాట సగమే వచ్చు. పది చదివి పాట మరిచిందని ముత్తక్క నలుగురిలో దెప్పి, ఊరికే నిలబడకపోతే తాడన్నా పట్టుకోమని కసిరింది. వనజ నవ్వుతూనే పట్టుకుంది.

చింతలగుంపులో ఆ రోజు విత్తనాల పండుగ. మగవాళ్ళు తెల్లవారకముందే విల్లంబులు పట్టుకుని అడవిలోకి పోయారు. ఇంటింటి నుంచి తెచ్చిన విత్తనాలు పూజారి పగిడయ్య వాకిట్లో పెద్ద గంపలో కలిసి ఉన్నాయి. మగవాళ్ళు వేట తెచ్చేదాకా ఊరి దారి ఆడవాళ్ళది. దారికి అడ్డంగా, అడవి తీగ అడ్డనారతో పేనిన తాడు పట్టి నిలబడతారు, వచ్చినవాడు ఎవడైనా ఏదో ఒకటి ఇచ్చి పోవాలి. రూపాయి ఇస్తాడో, బీడీలే ఇస్తాడో, దోసెడు గింజలు పోస్తాడో వాడిష్టం. ఇవ్వనివాడి చుట్టూ తిరిగి ఆడతారు, వెక్కిరిస్తారు, సిగ్గుపడి జేబులు తడుముకునేదాకా వదలరు. టేకులపల్లి నుంచి వచ్చే ఆటోవాళ్ళకు ఇది ఎరుకే. ఆ రోజు చిల్లర సిద్ధం చేసుకునే వస్తారు.

ఎరుక లేనివాడు ఆ రోజు మున్సిపాల్టీ జీపులో వచ్చాడు. గుంటూరు వైపు నుంచి కొత్తగా వచ్చిన ఏఈ, చిన్నవాడు. ఎందుకు వచ్చాడన్నది చింతలగుంపులో ఎవరికీ తెలియదు. ఊరిని మున్సిపాల్టీలో ఆఖరి వార్డుగా కలిపినప్పుడు వాగు మీద కల్వర్టు కట్టిస్తామన్నారు. కలిపిన ఏడాదే సిమెంటు తూములు తెచ్చి ఒడ్డున పడేశారు. అప్పటినుంచి ఇంటి పన్ను వస్తూనే ఉంది, కల్వర్టు మాత్రం రాలేదు. తూముల్లో మేకలు పడుకుంటున్నాయి. ఆ తూములనే ఎత్తుకుపోయి టౌన్లో కొత్త పార్కు ముందు రోడ్డుకు వాడొచ్చా అని చూడటానికి వచ్చాడు ఆయన. ఆదివారం మంత్రి వస్తున్నాడు. పార్కు, అందులో రంగుల ఫౌంటెను ప్రారంభించి, వసంతోత్సవంలో ముగ్గుల పోటీ బహుమతులు పంచిపోతాడు.

వాగు దాటి గట్టెక్కిన జీపు తాడు ముందు ఆగింది. ఆడవాళ్ళు చుట్టూ చేరి కోయలో పాట ఎత్తుకున్నారు. ఒకామె చేతికర్రతో బానెట్టు మీద తాళం వేసింది. ఏఈ ముఖంలో నెత్తురు లేదు. అడవి, కర్రలు, అర్థం కాని భాష, పక్కనే తను ఎత్తుకుపోవాలని వచ్చిన తూములు. ఇన్ని ఒకచోట చూసిన మనిషికి పండుగ ఎలా గుర్తొస్తుంది? జీపు దిగి, కాస్త చదువుకున్నదానిలా కనిపించిన వనజ దగ్గరికి వచ్చి రెండు చేతులూ జోడించాడు.

"చూడండమ్మా, పైపులు తీసుకురమ్మని పైవాళ్ళు చెప్పిన మాట నిజమే. నేను తీసుకెళ్ళను. రేపటినుంచే ఇక్కడ పని మొదలుపెట్టిస్తాను. నా మాట నమ్మి జీపును వదలండి."

ఈయన ఏ పైపుల సంగతి చెబుతున్నాడో, ఎవరికి క్షమాపణ చెబుతున్నాడో వనజకు అంతుబట్టలేదు. ఏమిస్తాడంటున్నాడని అటు కొస నుంచి ముత్తక్క కోయలో అరిచింది. కల్వర్టు ఇస్తాడట అని వనజ చెప్పింది. ఒక్క క్షణం అందరూ పాట ఆపేశారు. తర్వాత నవ్వులే నవ్వులు. బీడీలూ చిల్లరా తప్ప పెద్దది ఎరగని తాడుకు ఒకాయన ఏకంగా కల్వర్టు ఇచ్చి పోతున్నాడు. ముత్తక్క కళ్ళు తుడుచుకుంటూ తాడు నేలకు జార్చింది.

జీపు వెనకే మోటారు సైకిలు మీద వచ్చిన బాలకృష్ణ ఇదంతా ఫొటోలు తీసుకున్నాడు. టౌన్లో ఫొటో స్టూడియో నడుపుతూ పేపరుకు వార్తలు రాసే మనిషి. తూముల సంగతి తెలిసి, ఏదో ఒకటి దొరుకుతుందని ఏఈ వెంట పడ్డాడు. పోయేముందు వనజ దగ్గర బండి ఆపి పేరు అడిగాడు. పండుగ ఫొటో పేపర్లో వస్తుందేమోనని వనజ ఇంటిపేరుతో సహా చెప్పింది.

పొద్దు వాలేవేళకు మగవాళ్ళు ఒక్క కుందేలుతో వచ్చారు. అంతమంది పోయి ఒక్క కుందేలా అని ఆడవాళ్ళు పేడనీళ్ళతో ఎదురెళ్ళారు. వనజ మొగుడు చిరంజీవి తప్పించుకోబోయి, నిండా తడిశాడు. పగిడయ్య విత్తనాల మీద నెత్తురు చుక్క చిలికించి ఇంటికింత పంచాడు. వనజ కొంగులో విత్తనాలు పట్టుకుని, రేపటి కల్వర్టు గురించి చిరంజీవికి చెప్పి పొట్ట పట్టుకుని నవ్వింది.

మర్నాడు వేకువనే వనజ తన యారాలు, ముత్తక్క చిన్న కోడలు శ్యామలతో కలిసి ఇప్పపూలకు పోయింది. చెట్ల కింద ముందే ఆకు కాల్చి శుభ్రం చేసిన నేల మీద పూలు రాలి ఉన్నాయి. శ్యామలకు కడుపు పెద్దదయింది, వంగలేదు. కాళ్ళు చాపి కూర్చుని చేతికందినవి ఏరుతోంది. కూర్చున్నచోటి నుంచే జరుగుతూ, అక్కా ఆ పక్కవి నావి, నువ్వు ముట్టకు అని వనజను ఆటపట్టిస్తోంది. మిరగం కార్తెకు అటూ ఇటూగా కాన్పు. ఆ రోజులకు వాగు నిండుగా వస్తుంది. దవాఖానా ఆ వాగు అవతల ఉంది. ఈ మాట ఇంట్లో ఎవరూ పైకి అనరు గానీ శ్యామల కడుపు చూసిన ప్రతివాళ్ళ కళ్ళూ ఒకసారి వాగు వైపు పోయి వస్తాయి.

గంపలు నెత్తిన పెట్టుకుని వస్తుంటే వాగు దగ్గర మోత వినిపించింది. జేసీబీ. నిజంగానే వచ్చింది. ఊరు ఊరంతా గట్టున నిలబడి చూస్తోంది. బండ్లు దాటడానికి ఊరివాళ్ళు ఏటా రాళ్ళు పేర్చి కట్టుకునే చప్టాను అది నాలుగు దెబ్బల్లో పెకిలించి పక్కన పోసింది. కల్వర్టుకు గుంత తవ్వుతోంది. వాళ్ళ వెనకే పూలు ఏరుకొచ్చిన ముత్తక్క గంప దించకుండానే నిలబడిపోయింది.

"తాడు కాడ ఇచ్చిన మాట గూడ ఇంత జల్దీ నిలబెట్టుకుంటరా," అంది.

వనజకు ఒళ్ళంతా సంతోషంగా ఉంది. ఆ నెలలో ఆమెకు అన్నీ కలిసొస్తున్నాయి. ఊరికి కొత్తగా అంగన్వాడీ మంజూరైంది. పది పాసైన కోడలు ఊళ్ళో ఆమె ఒక్కతే, సెలక్షను కూడా అయింది. ఆర్డరు చేతికి రావాలి, అంతే. ఇప్పటికే పిల్లలు ఆమెను టీచరని పిలుస్తుంటే వద్దురా అంటూనే వెనక్కి తిరిగి చూస్తోంది. చిరంజీవి పైకప్పు తాటాకు మార్చడం వాయిదా వేశాడు, జీతం వచ్చాక రేకులే వేద్దామని.

కాసేపటికి అంగన్వాడీ సూపర్వైజరు ప్రమీలారాణి చెప్పులు చేత్తో పట్టుకుని, చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టి, తవ్విన గుంత చుట్టూ తిరిగి వాగు దాటి వచ్చింది. ఆర్డరు తెచ్చిందనుకుని వనజ ఎదురు పరిగెత్తింది. ఆమె ఒక తూము మీద కూర్చుని, కాళ్ళ బురద కడుక్కోకుండానే సంచిలోంచి పేపరు తీసి ఇచ్చింది.

జిల్లా పేజీ. ఒక పక్క చలివేంద్రం ప్రారంభం, రిబ్బను కత్తిరిస్తూ పదిమంది, కుండ వెనక ఒకడు. ఇంకో పక్క ముగ్గుల పోటీకి పేర్లు ఇచ్చుకోవచ్చని. మధ్యలో నాలుగు కాలమ్‌ల వెడల్పున తాడు. తాడు పట్టుకుని వనజ. నవ్వుతున్న ముఖమే, కానీ ఆ అక్షరాల కింద ఆ నవ్వు చూస్తే ఎవరికైనా తెగించిన మనిషే కనిపిస్తుంది. 'ఏఈని నిర్బంధించిన గిరిజన మహిళలు. కల్వర్టు కోసం రాస్తారోకో. దిగొచ్చిన మున్సిపాల్టీ.' కింద మొదటి వాక్యంలోనే వనజ నాయకత్వంలో అని ఉంది. తప్పు లేకుండా ఇంటిపేరుతో సహా.

వనజ రెండుసార్లు చదివింది.

ప్రమీలారాణి మంచి మనిషి. సెలక్షనులో వేరే ఊరి ఆమె పేరు ముందుకు తెస్తే కొట్లాడి వనజను నిలబెట్టింది. ఇప్పుడు ఆమెకే ఎక్కువ దిగులుగా ఉంది. చైర్మన్ మండిపడుతున్నాడని, పని ఎక్కడ ఆగిందో కనుక్కోమని మంత్రి ఆఫీసు నుంచి ఫోను వచ్చిందని, విధులకు ఆటంకం కింద స్టేషన్లో ఫిర్యాదు ఇచ్చారని ఒక్కొక్కటే చెప్పింది. చెప్పి, సంచి మీద చెయ్యి వేసింది.

"ఆర్డరు మీద సంతకమైంది వనజా. ఇగో, నా బ్యాగుల పెట్టుకొని తిరుగుతున్న. నీ మీద కేసు పడ్డదంటే ఇది నేను ఇయ్యలేను. కేసున్న మనిషికి పిల్లల్ని అప్పజెప్తరా?"

"మేం రాస్తారోకో చెయ్యలే మేడం. పండుగ చేసినం."

"గదే రాసియ్యి. రేపు పొద్దుగాల స్టేషన్ కాడికి రమ్మంటున్నరు. పండుగ అని అందరూ కాయితం మీద వేలు పెడితే ఎస్సై ఊకుంటనన్నడు. అబద్ధం గూడ కాదు గదా, నీకేం బాధ?"

నిజమే. బాధేముంది? జరిగిందే రాసిస్తే సరిపోతుంది. వనజకు పోయిన ప్రాణం తిరిగొచ్చింది. ప్రమీలారాణిని వాగు దాటించి, చెప్పులు తానే కడిగి ఇచ్చి, రేపు తప్పక వస్తామని మరీ మరీ చెప్పి పంపింది.

మధ్యాహ్నానికి మోత ఆగింది. అన్నానికి ఆపాడనుకున్నారు. అన్నం తిని డ్రైవరు చెట్టు కింద తువ్వాలు పరుచుకుని పడుకున్నాడు. లేచాక కూడా బండి ఎక్కలేదు. ఎందుకని చిరంజీవి పోయి అడిగితే, పోలీసు ముచ్చట తేలేదాకా ఆపమని ఫోనొచ్చిందని చెప్పాడు. తేలితే రేపు బండి పార్కు దగ్గరికి పోతుందట, అక్కడ మట్టి చదును చేసేది ఉందట. మరి ఈ గుంతో అంటే, గుంత సంగతి తనకు చెప్పలేదన్నాడు.

గుంతలో అప్పటికే ఊట నీళ్ళు చేరాయి. మనిషి లోతు తవ్వాడు. చప్టా రాళ్ళు మట్టి కింద కలిసిపోయాయి. పొద్దున వచ్చిన ఆటో అవతలి ఒడ్డునే మనుషుల్ని దించి తిరిగిపోయింది. శ్యామల బిందెతో చెలమ దగ్గరికి పోవాలంటే గుంత అంచు వెంట పోవలసి వచ్చింది. పచ్చి మట్టి కాలి కింద విరిగింది. వనజ వెనక నుంచి రెక్క పట్టి లాగకపోతే లోపల పడేదే. ఇద్దరూ గట్టు మీద కూలబడ్డారు. శ్యామల రెండు చేతులూ కడుపు మీద వేసుకుని ఊపిరి పీల్చింది. పీల్చి, ఎప్పటిలా నవ్వబోయింది.

"వానలకు గుంత నిండితే ఈత నేర్చుకోవాలె అక్కా నేను," అంది.

వనజ నవ్వలేదు. పట్టుకున్న రెక్క ఇంకా వదల్లేదు.

సాయంత్రం బాలకృష్ణ మళ్ళీ వచ్చాడు, జేసీబీ ఫొటో కోసం. ఆగిపోయిన బండిని చూసి అదీ తీసుకున్నాడు. వనజ అతని బండికి అడ్డంగా పోయి నిలబడింది. ఆమెకు అంత కోపం ఎప్పుడూ రాలేదు.

"పండుగ అని నీకు ఎరుక లేదా అన్నా?"

"ఎరుకే."

"మరి గట్లెందుకు రాసినవ్?"

బాలకృష్ణ కెమెరా మూత పెట్టుకున్నాడు. సిగ్గుపడ్డాడో లేదో చెప్పడం కష్టం. పండుగ అని పంపిస్తే డెస్కువాళ్ళు రెండు లైన్లు వేస్తారని, రాస్తారోకో అంటే నాలుగు కాలమ్‌లు వేస్తారని, తనకు కాలమ్‌లను బట్టే విలువని చెప్పాడు. రాశాను కాబట్టే కదా పొద్దున మిషను వచ్చిందని కూడా అన్నాడు. అది కాదనలేని మాట. వనజకు మరింత కోపం వచ్చింది.

రేపు పండుగ అని రాసిస్తున్నామని చెప్పింది. బాలకృష్ణ బండి స్టార్టు చేయబోయి ఆగాడు.

"రాసియ్యిండ్రి. నేనే తప్పు రాసినట్టయితది, పర్లేదు. కాని ఒక్కటి తెలుసుకో చెల్లె. స్టేషన్ల మీ కోసం టైపు చేసిన కాయితం నేను చూసిన. పండుగ అని ఒక్కటే లేదు అందుల. కల్వర్టు మాకు అక్కరలేదని గూడ ఉన్నది. ఆ పైసలు ఎప్పుడో ఫౌంటెన్ కిందికి మళ్ళిచ్చిండ్రు. మీరు వేలు పెడితే దానికి రుజువు దొరుకుతది. ఇంక ఈ మిషన్ ఇటు తిరగదు."

"పెట్టకపోతే?"

"కేసు రాస్తరు. కేసు రాసేటప్పుడు ఎందుకు ఆపిండ్రో రాయాలె గదా. కల్వర్టు కోసం అని రాయాలె. మంత్రి వచ్చే ముందల ఆ ముక్క కాయితం మీదికి ఎక్కుడు వాళ్ళకు ఇష్టం లేదు. ఎక్కిందంటే ఈ గుంతను గిట్ల వదిలిపెట్టలేరు."

ఆ రాత్రి అన్నాల దగ్గర వనజ ఈ మాట బయటపెట్టింది. చిరంజీవి చెయ్యి కడిగేసుకున్నాడు. ఆ పేపరాయన మాట విని ఇంతవరకూ వచ్చింది చాలదా అన్నాడు. నౌకరీ పోతే మళ్ళీ రాదు, కల్వర్టు ఇవాళ కాకపోతే వచ్చే ఏడు వస్తుంది. పగిడయ్యను పిలిచి అడిగితే ఆయన ఇంకో దారిలో అదే మాట చెప్పాడు. పండుగను పండుగ అనే చెప్పాలి. భూమికి చేసిన పనిని ధర్నా అంటే వేసిన విత్తనం కోపగించుకుంటుంది. శ్యామల గోడకు ఆనుకుని వింటోంది. నువ్వేమంటావే అని ఎవరూ ఆమెను అడగలేదు. వనజకు ఆమె వైపు చూసే ధైర్యం లేక, ఆరేసిన ఇప్పపూలు గంపకెత్తే పని పెట్టుకుంది. అందరూ చెప్పేదీ ఒకటే, జరిగిందీ అదే, తనకు కావలసిందీ అదే. మరి మనసు ఎందుకు ఒప్పుకోవడం లేదో ఆమెకు తెలిసీ తెలియనట్టుంది. పొద్దునే పోయి వేలు పెట్టి వద్దామని చివరికి తానే అంది.

తెల్లారి ఏడుగురు ఆడవాళ్ళు వాగు దాటి, అవతల ఆటో ఎక్కి టౌనుకు పోయారు. స్టేషన్ వరండాలో కింద కూర్చోమన్నారు. దారంతా స్వాగత తోరణాలు కడుతున్నారు. స్టేషన్లో కూడా అందరూ బందోబస్తు హడావిడిలో ఉన్నారు. చాలాసేపటికి గానీ లోపలికి పిలవలేదు.

ఎస్సై టేబులుకు ఒక పక్క ఏఈ కూర్చుని ఉన్నాడు. ఆడవాళ్ళను చూసి తల వంచుకున్నాడు. ప్రమీలారాణి బల్ల మీద సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. వనజకు కళ్ళతోనే ధైర్యం చెప్పింది. బాలకృష్ణ గుమ్మంలో నిలబడ్డాడు. ఎస్సై కోపిష్టిలా లేడు, తొందరలో ఉన్నాడు. టైపు చేసిన కాగితం వనజ వైపు జరిపి, వీళ్ళకు వీళ్ళ భాషలో చదివి చెప్పమన్నాడు. తర్వాత చెప్పలేదనే మాట రాకూడదన్నాడు.

వనజ కాగితం పట్టుకుని నిలబడింది. మేమంతా మా ఆచారం ప్రకారం విత్తనాల పండుగ జరుపుకున్నాం. కోయలో చెప్పింది. అందరూ తలలూపారు. పండుగలో భాగంగా దారిలో తాడు పట్టుకున్నాం, ఏఈ గారిని ఎవరూ నిర్బంధించలేదు. దానికీ తలలూపారు. నిర్బంధించడమేమిటి పిల్లవాణ్ణి అని ఒకామె గొణిగింది. మూడో వాక్యం దగ్గర వనజ ఆగింది.

ఆగితే ఏమని ముత్తక్క అడిగింది.

ఆ ఒక్క వాక్యం చెప్పకపోయినా ఆ గదిలో ఎవరికీ తెలియదు. కోయ వచ్చినవాళ్ళకు చదువు రాదు, చదువు వచ్చినవాళ్ళకు కోయ రాదు. చెప్పకుండా వేళ్ళు పెట్టించి ఇంటికి పోవచ్చు. ఆ ఆలోచన తనకు వచ్చినందుకు వనజకు ఒళ్ళు మండింది. చెప్పింది. వాగు మీద కల్వర్టు విషయంలో మాకు ఏ కోరికా లేదు, ఇకముందు కూడా అడగబోము.

ఎవరూ తలూపలేదు. ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. ఎస్సై వాచీ చూసుకుని, ఏమంటున్నారని అడిగాడు. ముత్తక్క ఆయన వైపు చూడలేదు. కోడలి దగ్గరికి వచ్చి మెల్లగా, కోయలోనే అడిగింది, దీని మీద వేలు పెడితేనే నీ నౌకరీ ఉంటదా అని. ఉంటదని వనజ చెప్పింది.

"అయితే పెడ్తం. శ్యామలను మంచం మీద మోసుకపోతరు. ఇంతకుముందు మోయలేదా ఏంది," అంది ముత్తక్క.

అని బొటనవేలు కొంగుకు గట్టిగా తుడుచుకుంది. తుడుచుకుని సిరా డబ్బా వైపు చెయ్యి చాచింది. వెనకున్నవాళ్ళు కూడా ఒక్క మాట అనకుండా కొంగులకు వేళ్ళు తుడుచుకుంటూ ఆమె వెనక నిలబడ్డారు. ఒక్కరి ముఖంలోనూ నిష్ఠూరం లేదు. పెళ్ళిలో పసుపు ముద్ద చేతికిచ్చినట్టు, మన పిల్లకు మనం చేసేది ఇదేనన్నట్టు నిలబడ్డారు.

వనజకు దుఃఖం పొంగుకొచ్చింది. వీళ్ళు ఒక్కసారి తిట్టినా బాగుండేది. నీ నౌకరీ కోసం మా కల్వర్టు ఆపుతావా అని ఒక్కరు అడిగినా, కాదు, ఇది నిజమే కదా అని వాదించి వేళ్ళు పెట్టించేది. ఎవరూ అడగలేదు. ముత్తక్క వేలు సిరాను తాకబోతుంటే వనజ డబ్బా లాగి మూత పెట్టేసింది.

"పండుగ కాదు సార్. తాడు కట్టింది కల్వర్టు కోసమే. కట్టించింది నేను. వీళ్ళకేం ఎరుక లేదు, నేను పట్టుకోమంటే పట్టుకున్నరు."

ప్రమీలారాణి లేచి నిలబడింది. వనజా అని ఒక్కసారి పిలిచి ఊరుకుంది. ఎస్సై కుర్చీలో వెనక్కి వాలి ఆమెను పరీక్షగా చూశాడు. ఆ తెలుగు మాటలు అర్థమైనవాళ్ళలో, గుమ్మంలో ఉన్న బాలకృష్ణతో సహా, ఆమె అబద్ధం చెబుతోందని తెలియనివాళ్ళు ఆ గదిలో లేరు, ఒక్క మనిషి తప్ప.

"గిది రాస్తే ఏమైతదో ఎరుకేనా?" అన్నాడు ఎస్సై.

"ఎరుకే సార్."

"ఏం సార్, మీరేమంటారు? కల్వర్టు కోసమేనా?" అని ఎస్సై ఏఈ వైపు తిరిగాడు, ఏఈ అయినా కాదంటాడేమోనని.

ఏఈ తలెత్తాడు. వచ్చినప్పటినుంచీ ఆయన అదే కదా చెబుతున్నాడు! పండుగకు భయపడ్డ పిచ్చివాడని రెండు రోజులుగా ఆఫీసులో అందరూ తనను చూసి నవ్వుతున్నారు.

"కల్వర్టు కోసమేనండీ. నేను మొదటినుంచీ చెబుతున్నాను. పని మొదలుపెడతానని మాటిచ్చాకే తాడు వదిలారు," అన్నాడు గట్టిగా.

ఎస్సై కాసేపు పెన్నుతో బల్ల మీద కొట్టాడు. తర్వాత టైపు కాగితాన్ని మడిచి పక్కన పడేసి, కానిస్టేబులును పిలిచి రాసుకోమన్నాడు.

ఏమైందని ఆడవాళ్ళు అడుగుతున్నారు. వనజ కోయలో చెప్పింది, నాలుగు ముక్కల్లో. ముత్తక్కకు అర్థం కావడానికి కొంచెం సమయం పట్టింది. అయ్యాక, ఎంత పని చేసినవే అని కోడలి వీపు మీద ఒక్కటి చరిచింది. చరిచిన చెయ్యి తీయకుండా అక్కడే ఉంచింది. కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది.

కానిస్టేబులు పేరు అడిగాడు. వనజ ఇంటిపేరుతో సహా చెప్పింది. మొగుని పేరు, వయసు, ఊరు చెప్పింది. ఎందుకు ఆపారని అడిగితే, వాగు మీద కల్వర్టు కట్టాలని ఆపాం అని చెప్పి, అతను ఆ మాట మొత్తం రాసేదాకా పెన్ను వైపే చూస్తూ నిలబడింది. కల్వర్టు అనే ముక్క కాగితం మీద పడ్డాక గానీ ఆమె చూపు తిప్పలేదు. ప్రమీలారాణి సంచి జిప్పు మూసి భుజానికి తగిలించుకుంది. వనజ పక్కనుంచి బయటికి పోతూ ఆమె చెయ్యి ఒకసారి నొక్కి వదిలింది.

కానిస్టేబులు రాసింది పైనుంచి చూసుకుంటూ, ఒక చోట ఖాళీ వదిలేశానని ఆగాడు.

"ఏం పని చేస్తవమ్మా?"

వనజ ఊపిరి పీల్చుకుంది.

"కూలి," అంది.

అతను రాసుకున్నాడు.